టరాంటులా మేత ముట్టకపోతే ముందు పొట్ట చూడండి

పెంచుకునే టరాంటులా (పెద్ద బొచ్చు సాలీడు) మేత మానేసి ఎన్ని రోజులైందో లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే ఏమీ తేలదు. పొట్ట చూడండి. తలభాగం కంటే లావుగా, బిగువుగా ఉంటే దానికి ఆకలి లేదంతే. నీళ్లు అందుతుంటే ఎదిగిన ఆడది నెలల తరబడి తినకుండా ఉంటుంది. పొట్ట చిక్కి ముడతలు పడితే మాత్రం ముందు అనుమానించాల్సింది దాహాన్నే. సాలీడు కాళ్లు చాచేది ఒంట్లో ద్రవం ఒత్తిడితో, అది తగ్గితే కాళ్లు కిందికి ముడుచుకుపోతాయి. అప్పుడు నీళ్లు పోసిన లోతులేని మూత అంచున సాలీడును నోరు తడిసేలా పెట్టండి. ఊపిరి తీసే భాగాలు పొట్ట కింద ఉంటాయి కాబట్టి పొట్ట మునగకూడదు.

చాలాసార్లు అసలు కారణం కుబుసమే. కుబుసం విడిచే ముందు రంగు వెలిసిపోతుంది. అమెరికా ఖండాల జాతుల్లో పొట్ట మీద బొచ్చు రాలిన బోడి మచ్చ నేరేడు పండులా నల్లగా నిగనిగలాడుతుంది. బొరియ నోరు సాలెతో మూసేసుకుంటుంది. ఇప్పుడు డబ్బాలో మేతగా కీచురాయిని వదిలేస్తే, మెత్తగా ఉన్న సాలీడునే అది కొరికేస్తుంది. వెల్లకిలా పడుకుంటే చచ్చిందనుకుని తిప్పొద్దు, కుబుసం విడుస్తోందన్నమాట. ఆ తర్వాత తెల్లగా ఉన్న కోరలు ఎర్రబడి, నల్లబడేదాకా మేత వద్దు. పిల్లలకైతే నాలుగైదు రోజులు, పెద్దవాటికి 10 నుంచి 14 రోజులు ఆగాలి.

కొత్తగా తెచ్చినదైతే రెండు వారాలు దాని జోలికి పోకండి.

కోనసీమలో కొబ్బరి పొట్టుకు కొదవ లేదు కాబట్టి డబ్బాలో అందరూ అదే పరుస్తారు. పీచు మిల్లు దగ్గర తెచ్చిన పచ్చి పొట్టులో ఉప్పు ఉంటుంది, మూడు నాలుగు నీళ్లు మార్చి కడగాలి. గుప్పిట్లో పిండితే ముద్ద కట్టాలి, చుక్క కారకూడదు. వానాకాలంలో మన గాలికి ఆ తడి ఆరదు, బూజు పడుతుంది, నల్లి (మంచం నల్లి కాదు, కంటికి ఆనీ ఆనని సన్న పురుగు) చేరుతుంది. నేలమీద బతికే జాతి కాళ్లు కింద ఆనించకుండా గోడకు వేలాడుతుంటే పొట్టు మరీ తడిసిందని అర్థం. పక్కల రంధ్రాలు పెంచి, సగం పొట్టు పొడిగా మార్చండి. ఎండాకాలం డబ్బాను రేకుల గదిలోంచి తీసి, చల్లటి మూల నేలమీద పెట్టండి. 24 నుంచి 29 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది.

డెల్టాలో ఎవరూ అనుమానించని శత్రువు దోమల కాయిల్. కాయిల్‌లో, లిక్విడ్ మెషీన్లలో, చీమల చాక్‌పీసులో ఉండే మందులు పురుగుల్ని చంపేవే, సాలీడుకూ విషమే. కాళ్లు వణుకుతూ తూలి నడిస్తే వెంటనే డబ్బాను వేరే గదికి మార్చండి, అక్కడ కాయిల్ బదులు దోమతెర కట్టుకోండి. మందు కొట్టిన వరిచేలో పట్టిన మిడతల్నీ పెట్టొద్దు.

ఇవన్నీ సరిగ్గా ఉంటే రాత్రి లైటు ఆర్పాక మేత పెట్టి చూడండి. మేత దాని పొట్టకంటే పెద్దది కాకూడదు. బతికున్నదాన్ని చూసి వెనక్కి తగ్గితే, కీచురాయి తల పట్టకారుతో నొక్కి బొరియ దగ్గర పెట్టండి. తెల్లారి మిగిలితే తీసేయండి, లేకపోతే చీమలు వస్తాయి. మళ్లీ వారం పదిరోజులకే. రోజూ పెడితే మరింత బెదురుతుంది. గుత్తి పేరుతో పిలిచే నీలం టరాంటులా లాంటి చెట్టు జాతులు నేలమీద మేతను పట్టించుకోవు, నిలబెట్టిన బెరడు మీదికి వదలాలి.

ముందరి పొట్టి కాళ్ల చివర గుండ్రటి బుడిపెలు కనిపిస్తే అది ఎదిగిన మగది. ఆడదాన్ని వెతుక్కోవడమే దాని పని. తిండి మీద ధ్యాస తక్కువ, ఇక మళ్లీ పెరగదు. నీళ్లు మార్చుతూ ఉండండి, మేత కోసం వెంటపడొద్దు.