పాత ఫొటోలో వెనకున్న గోడని చదవడం ఎలా?

ఫొటో ఏ ఏడాదిదో తెలియకపోతే ఆ గోడే చెబుతుంది. ముందు స్కాన్. పోస్టుకార్డు సైజు ఫొటోకి 600 డీపీఐ (అంగుళానికి చుక్కలు) చాలు, అంతకన్నా చిన్నదైతే 1200 పెట్టి టిఫ్‌లో (నాణ్యత తగ్గని ఫైలు రకం) సేవ్ చేసుకోండి. ఫ్రేము అద్దానికి అతుక్కుపోయిన ఫొటోని పీకితే బొమ్మ పొర అద్దంతోనే ఊడొస్తుంది. అద్దంతో సహా స్కాన్ చేయండి. మసక అక్షరాల్ని ఏఐ యాప్‌తో పదును పెట్టించడం మాత్రం వద్దే వద్దు. అది ఉన్నవి చదవదు, లేనివి అల్లుతుంది.

తర్వాత ప్రింటు తిరగబడిందేమో చూడండి. బోర్డుంటే అక్షరాలే చెప్పేస్తాయి. లేదంటే ఆడవాళ్ల పైట, మగవాళ్ల చొక్కా జేబు రెండూ వాళ్ల కుడివైపే (మన కుడి కాదు) ఉన్నాయంటే నెగటివ్‌ని తిరగేసి ప్రింటు వేసినట్టే.

స్టూడియో ఫొటోలో వెనకున్న మేడా మెట్లూ తెర మీది బొమ్మలు, వాటితో పనిలేదు. వీధిలో తీసిందైతే పండగే. మనుషుల్ని వదిలేసి అంచుల నుంచి లోపలికి రండి. బండి నంబరులో ఏపీ పక్కన మూడో అక్షరం కాకుండా అంకె ఉంటే అది 1989కి ముందుది కాదు. బోర్డు మీద ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతది. ఎన్నికల గోడరాతలు ఇంకా మేలు: కాంగ్రెస్‌కి మొదట కాడెద్దులు, 1971 ఎన్నికలకి ఆవూదూడ, 1978 నుంచి చెయ్యి. తెలుగుదేశం సైకిలు 1982కి ముందు ఉండదు.

అయితే మళ్లీ సున్నం వేసేదాకా గోడ మీది గుర్తు చెరగదు. సినిమా పోస్టరూ అంతే. పట్నంలో ఆడిన బొమ్మ టూరింగ్ టాకీస్‌కి ఎప్పటికో వచ్చేది. కాబట్టి ఇవన్నీ 'ఇంతకన్నా ముందు కాదు' అనే చెబుతాయి. అన్నిటిలోకీ కొత్త వస్తువునే పట్టుకోండి.

ఉదాహరణకి, హోటల్ గోడ మీద 'ఇడ్లీ 12 న.పై.' అని ఉంది. నయాపైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి, 'నయా' 1964 జూన్‌లో పోయింది. పక్కనే క్యాలెండర్‌లో మార్చి 1 శుక్రవారం, సంవత్సరం కనబడదు. ఆ రోజుల్లో అలా పడ్డవి 1957, 1963, 1968, 1974. 1957 మార్చికి నయాపైస ఇంకా రాలేదు, తీసేయండి. 1963కే ఎక్కువ అవకాశం. కానీ హోటలాయన బోర్డు మార్చకుండా వదిలేసి ఉంటే 1968 కూడా కావచ్చు. 1974 దాకా అలాగే వదిలేయడం మాత్రం మరీ దూరం. ఫొటో వెనక మెత్తటి పెన్సిల్‌తో '1963? (1968?)' అని, పక్కనే 'న.పై., క్యాలెండర్' అని రాసిపెట్టండి.