స్టార్ క్వార్టర్‌బ్యాక్ కాంట్రాక్టు: శాలరీ క్యాప్ కింద బేరం ఎలా ఆడాలి

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపించే కీలక ఆటగాడు) సంతకం చేసిన రోజు వార్తల్లో కనిపించేది ఒకటే అంకె: ఇన్నేళ్లకు ఇన్ని మిలియన్ డాలర్లు. బేరానికి కూర్చునేవాళ్లు చివరగా చూడాల్సింది ఆ అంకె. ఏ తేదీకి ఎంత సొమ్ముకు గ్యారంటీ పడుతుంది, ఏ ఏడాది క్యాప్‌లో ఎంత లెక్కకొస్తుంది అన్నవి ముందు తేలాలి. ఇక్కడ చెప్పేదంతా ఆటగాడి తరఫున మాట్లాడేవారికి. అయితే జట్టు లెక్క తెలియకుండా ఆ పని సాగదు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

క్యాప్‌లో సొమ్ము ఎలా సర్దుకుంటుంది

ఒక జట్టు తన ఆటగాళ్లందరి మీద ఆ ఏడాది పెట్టగల ఖర్చుకు గరిష్ఠ పరిమితే క్యాప్. 2020లో అది 198.2 మిలియన్లు. కోవిడ్ దెబ్బకు 2021లో 182.5కు పడిపోయింది. 2024లో 255.4కు, 2025లో 279.2కు పెరిగింది. జరిమానా కట్టి దాటే వీలు లేదు. మిగిలింది మాత్రం మరుసటి ఏటికి కలుపుకోవచ్చు.

ఐపీఎల్ వేలానికి అలవాటుపడినవారు ఇక్కడే పొరబడతారు. లక్నో జట్టు రిషభ్ పంత్‌ను 27 కోట్లకు పాడుకుంటే 120 కోట్ల పర్సులోంచి ఆ 27 కోట్లూ అక్కడికక్కడే తగ్గాయి. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆటగాడి చేతికందే సొమ్ము వేరు, క్యాప్‌లో పడే లెక్క వేరు. బేస్ శాలరీ (మూల జీతం), రోస్టర్ బోనస్ (ఫలానా తేదీకి జట్టులో ఉంటే ఇచ్చేది) ఏ ఏటివి ఆ ఏటి లెక్కలోకే వస్తాయి. సైనింగ్ బోనస్ మాత్రం ఆటగాడికి ముందే దక్కినా, క్యాప్‌లో దాన్ని కాంట్రాక్టు ఏళ్ల మీద సమానంగా పంచుతారు. అలా పంచగలిగేది గరిష్ఠంగా 5 ఏళ్లకే.

ఒక ఉదాహరణ కట్టి చూద్దాం. 5 ఏళ్ల కాంట్రాక్టు, 60 మిలియన్ల సైనింగ్ బోనస్. అంటే క్యాప్‌లో ఏటా 12. మొదటి ఏడు బేస్ శాలరీ 1.5 పెడితే ఆ ఏడు క్యాప్ భారం 13.5 మాత్రమే, ఆటగాడికి అందింది 61.5. మూడో ఏడు బేస్ 45 అనుకుంటే భారం 57కు ఎగబాకుతుంది. అప్పుడు జట్టు ఆ 45లో 40ని బోనస్‌గా మారుస్తుంది. దీన్నే రీస్ట్రక్చర్ అంటారు. కాంట్రాక్టు చివర రెండు వాయిడ్ ఇయర్స్, అంటే ఆటగాడు ఆడని, లెక్క కోసమే తగిలించిన ఏళ్లు కలిపితే ఆ 40 కాస్తా ఏటా 8 చొప్పున అయిదేళ్లకు పరుచుకుంటుంది. మూడో ఏడు భారం 25కు దిగుతుంది (5+12+8). ఆదా అయిన 32 ఎక్కడికీ పోలేదు: నాలుగో ఏడు 8, అయిదో ఏడు 8, కాంట్రాక్టు ముగియగానే మిగతా 16 ఒక్కసారిగా మీదపడతాయి. ఆటగాడు లేకున్నా లెక్కలో మిగిలే ఈ సొమ్మునే డెడ్ మనీ అంటారు.

అదే ఆటగాణ్ని మూడో ఏడు ముగియగానే వదిలేస్తే డెడ్ మనీ 56 మిలియన్లు. జూన్ 1 తర్వాత వదిలినట్టు గుర్తిస్తే (ఏడాదికి ఇద్దరు ఆటగాళ్లకే ఆ వీలు) ఆ ఏడు 20, మరుసటి ఏడు 36గా విడిపోతుంది. 2024 మార్చిలో క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్‌ను వదులుకున్న డెన్వర్ జట్టుకు ఇలాగే 85 మిలియన్లు చుట్టుకుని రెండేళ్ల మీద పడ్డాయి.

జట్టు ఇలా సొమ్మును తర్వాతి ఏళ్లకు నెట్టిన ప్రతిసారీ ఆటగాడి చేయి బలపడుతుంది. వదిలేయడం ఎంత ఖరీదైతే కొత్త కాంట్రాక్టు ఇవ్వడం అంత నయమనిపిస్తుంది. అందుకే రీస్ట్రక్చర్‌కు ఒప్పుకోవడంలో ఆటగాడికి నష్టం లేదు.

ఎప్పుడు కూర్చోవాలి

డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) వచ్చిన ఆటగాడి తొలి కాంట్రాక్టును మూడో సీజన్ ముగిసేదాకా ఎవరూ మార్చలేరు. మొదటి రౌండు వాళ్ల మీద జట్టుకు అయిదో ఏటి ఆప్షన్ ఉంటుంది. ఆ తర్వాత ఫ్రాంఛైజ్ ట్యాగ్, అంటే కాంట్రాక్టు ముగిసిన ఆటగాణ్ని పోనివ్వకుండా నిర్ణీత జీతానికి ఇంకో ఏడు ఉంచుకునే హక్కు. అంటే అప్పటిదాకా పట్టు జట్టుదే. అయితే ట్యాగ్ పదేపదే వేసేకొద్దీ ఆటగాడి వైపు తిరుగుతుంది: రెండోసారి వేస్తే మొదటిదానికి 120 శాతం, మూడోసారి రెండోదానికి 144 శాతం కట్టాలి.

డాక్ ప్రెస్కాట్ విషయంలో జరిగింది ఇదే. 2020లో డాలస్ జట్టు 31.4 మిలియన్ల ట్యాగ్ వేసింది. ఆ అక్టోబరులో అతని చీలమండ విరిగింది. అయినా 2021లో రెండో ట్యాగ్ 37.7, మూడోది 54 దాటుతుంది. ఆ లెక్క ముందు పెట్టుకునే 4 ఏళ్లకు 160 మిలియన్లు, అందులో 66 సైనింగ్ బోనస్ సాధించారు. ఆ కాగితంలో చేర్చిన రెండు క్లాజులు (మళ్లీ ట్యాగ్ వేయకూడదు, అతని ఒప్పుదల లేకుండా మరో జట్టుకు ట్రేడ్ చేయకూడదు) తర్వాత అసలు విలువ చూపించాయి. 2024లో అతని క్యాప్ భారం 55 మిలియన్లు దాటింది, పోనిస్తే దాదాపు 40 డెడ్ మనీ, ట్యాగ్ వేసే హక్కు లేదు. తొలి మ్యాచ్ రోజునే ఏటా 60 చొప్పున 4 ఏళ్లకు 240 మిలియన్లు ఇచ్చారు. నా లెక్కలో ట్యాగ్ నిషేధం ఇంకో 5 మిలియన్ల కంటే విలువైనది. దాన్ని చివరి నిమిషంలో వదులుకోవద్దు.

ధర కట్టడం

పాత కాంట్రాక్టులతో పోల్చేటప్పుడు డాలర్లు కాదు, సంతకం చేసిన ఏటి క్యాప్‌లో శాతం చూడాలి. 2020లో పాట్రిక్ మహోమ్స్ సగటు 45, క్యాప్‌లో 22.7 శాతం. 2024లో ప్రెస్కాట్ 60 అంటే 23.5 శాతం. పైకి 15 మిలియన్ల తేడా, నిజంగా ఒక శాతం లోపే. 2023లో జో బరో 55 తీసుకున్నప్పుడు అది 24.5 శాతం.

ఇంకో మెలిక కూడా ఉంది. పొడిగింపు కాంట్రాక్టు సగటును కొత్త ఏళ్లకే లెక్కిస్తారు. బరోకు 5 ఏళ్లకు 275 అన్నారు కానీ పాత కాంట్రాక్టులో రెండేళ్లు, సుమారు 35 మిలియన్లు మిగిలే ఉన్నాయి. ఏడేళ్ల మీద చూస్తే ఏటా 44 దగ్గర తేలుతుంది. కాబట్టి మొదటి 3 ఏళ్లలో చేతికి ఎంత వస్తుందో అడగండి. పోలికకు నమ్మదగ్గది అదే.

క్యాప్ పెరుగుతున్నప్పుడు తక్కువ ఏళ్ల కాంట్రాక్టు మేలు. మహోమ్స్ 10 ఏళ్లకు సంతకం చేస్తే మూడేళ్లకే మార్కెట్ దాటిపోయింది. 2023లో తర్వాతి ఏళ్ల సొమ్మును ముందు ఏళ్లకు జరిపి 2026లోపు 210.6 మిలియన్లు అందేలా తిరగరాయాల్సి వచ్చింది. జట్టు ఒప్పుకుంది కాబట్టి సరిపోయింది. అందరు యజమానులూ ఒప్పుకోరు.

గ్యారంటీ

గ్యారంటీ మూడు రకాలు: గాయానికి, ఆట తగ్గినందుకు, క్యాప్ కోసం తీసేసినందుకు. మూడూ ఉంటేనే పూర్తి గ్యారంటీ. జట్లు తరచూ భవిష్యత్ జీతానికి ముందు గాయం గ్యారంటీ మాత్రమే ఇచ్చి, ఫలానా తేదీన అది పూర్తి గ్యారంటీగా మారుతుందని రాస్తాయి. ప్రమాదమంతా ఆ తేదీకి ముందు వారాల్లోనే ఉంది. 2022 సీజన్‌లో రెండు మ్యాచ్‌లు మిగిలుండగా రెయిడర్స్ డెరెక్ కార్‌ను బెంచీ మీద కూర్చోబెట్టింది. గాయపడితే 40.4 మిలియన్లు కట్టాలి. ఫిబ్రవరి 15న గ్యారంటీ పడాల్సి ఉండగా 14న వదిలేసింది. 2023 చివర్లో విల్సన్‌ను పక్కన పెట్టినప్పుడూ మరుసటి మార్చిలో గ్యారంటీ పడాల్సిన 37 మిలియన్లు తలమీద ఉన్నాయి.

దీనికి మందు గ్యారంటీ తేదీని ఒక ఏడు ముందుకు లాగడం: 2027 జీతం 2026 మార్చిలోనే పూర్తిగా గ్యారంటీ కావాలి. అప్పుడు వదలాలంటే జట్టు ఒక ఏడు జీతం ఊరికే పోగొట్టుకోవాలి. కుదరకపోతే లీగ్ ఏడాది మొదలయ్యే మార్చి రోజుల్లోనే పెద్ద రోస్టర్ బోనస్ పెట్టించండి. వదిలేసేట్టయితే ఇతర జట్ల దగ్గర డబ్బు ఉండగానే వదిలేస్తారు, జూలైలో కాదు.

మొత్తం గ్యారంటీ కావాలని పట్టుబడితే జట్టు 2022 నాటి డెషాన్ వాట్సన్ కాంట్రాక్టును (5 ఏళ్లకు 230, పూర్తి గ్యారంటీ) చూపించి భయపడుతుంది. ఆ తర్వాత వచ్చిన లమార్ జాక్సన్, జేలెన్ హర్ట్స్, బరో కాంట్రాక్టులేవీ పూర్తి గ్యారంటీ కావు. పైగా గ్యారంటీ ఇచ్చిన భవిష్యత్ సొమ్ములో చాలా భాగాన్ని యజమాని ముందే విడిగా జమ చేయాలన్న లీగ్ నియమం ఒకటుంది. నగదు తక్కువున్న యజమాని దగ్గర ఈ గోడను గుద్దే బదులు తేదీల కోసం పోరాడితేనే పని అవుతుంది.

సంతకానికి ముందు చదవాల్సిన పంక్తులు

ఆఫ్‌సెట్ క్లాజు ఉంటే, వదిలేసిన ఆటగాడు వేరే చోట సంపాదించింది పాత జట్టు బాకీలోంచి తగ్గుతుంది. 2024లో విల్సన్‌కు పిట్స్‌బర్గ్ కనీస జీతం 1.21 మిలియన్లే ఇచ్చింది, ఆ ఏటికి డెన్వర్ అతనికి బాకీ పడ్డ 39లో మిగిలినదంతా ఆ జట్టే భరించింది. ఎంత ఎక్కువ అడిగినా అతనికి అదనంగా ఒరిగేది ఉండేది కాదు. ఆఫ్‌సెట్ లేకపోతే రెండు జీతాలూ ఆటగాడివే.

సస్పెన్షన్ పడితే గ్యారంటీలన్నీ రద్దు అనే వాక్యాన్ని వీలైనంత ఇరుకు చేయించండి. సస్పెండైన మ్యాచ్‌లకు పోయేది బేస్ శాలరీ. వాట్సన్ 2022లో 11 మ్యాచ్‌లు దూరమైనా ఆ ఏడు అతని బేస్ 1.035 మిలియన్లే కావడంతో జీతంలో నష్టం స్వల్పం. రిటైరైతే మాత్రం ఇంకా క్యాప్ లెక్కలోకి రాని సైనింగ్ బోనస్ భాగాన్ని జట్టు తిరిగి అడగవచ్చు. కాబట్టి ఏటేటా ఎంత వాపసు బాకీ ఉంటుందో ఆటగాడికి పట్టికగా రాసివ్వాలి. ఏజెంటు ఫీజు 3 శాతం మించకూడదు. జాక్సన్‌లా ఏజెంటు లేకుండా కూర్చునేవారు కూడా ఈ పంక్తులు చదవడానికి ఒక కాంట్రాక్టు లాయరునైనా పెట్టుకోవాలి.