సైకియాట్రీ రెసిడెంట్లను బోధనకూ విభాగ బాధ్యతలకూ తయారుచేసే పద్ధతి

మొదటి ఏడాది రెసిడెంట్‌కి (స్పెషలిస్టు శిక్షణలో ఉన్న డాక్టరుకి) గంటసేపు సెమినార్ అప్పగించకండి. పది నిమిషాల పాఠం చాలు, ముగ్గురు నలుగురు విద్యార్థులు చాలు. అంశం ఒక్కటే ఉండాలి: డెల్యూజన్‌కీ (ఎంత ఆధారం చూపినా సడలని తప్పుడు నమ్మకం) ఓవర్‌వాల్యూడ్ ఐడియాకీ (మనసును ఆక్రమించినా అంత గట్టిగా పాతుకుపోని నమ్మకం) తేడా ఎలా పట్టుకోవాలి, ఇలాంటిది. వీడియో తీసి, ఆ రోజే ఒక సీనియర్ పక్కన కూర్చుని చూపించాలి. ఇలాగే కొనసాగించాల్సింది ఒకటి, మార్చుకోవాల్సింది ఒకటి చెప్పి ఆపాలి. పది తప్పులు ఏకరువు పెడితే ఒక్కటీ గుర్తుండదు. ఎక్కువమందిలో కనిపించే లోపం, ప్రశ్న అడిగి వెంటనే తామే జవాబు చెప్పేయడం. కనీసం మూడు సెకన్లు ఆగడం అలవాటు చేయించండి.

వార్డులో 1992లో ప్రచురితమైన వన్ మినిట్ ప్రిసెప్టర్ పద్ధతి (కేసు చర్చిస్తూనే క్లుప్తంగా నేర్పే తీరు) బాగా పనికొస్తుంది. విద్యార్థి "ఇది డిప్రెషన్" అన్నాడనుకోండి. రెసిడెంట్ వెంటనే సరిదిద్దకూడదు. "ఎందుకలా అనుకున్నావు? ఇంకేం ఆలోచించావు?" అని అడగాలి. తర్వాత ఒకే సూత్రం చెప్పాలి: గతంలో మేనియా (హద్దులు దాటిన ఉత్సాహం, చురుకుదనం ఉండే దశ) వచ్చిందేమో కనుక్కోకుండా యాంటీడిప్రెసెంట్ మొదలుపెట్టకూడదు. సరిగ్గా చేసిందేమిటో చెప్పి, ఆ తర్వాతే పొరపాటు దిద్దాలి.

మన శాఖలో ప్రత్యేకంగా జాగ్రత్తపడాల్సింది రోగి విషయంలో. విద్యార్థులు ఇంటర్వ్యూ చేయడానికి రోగి అనుమతిని వాళ్ల ఎదుటే అడిగితే, కాదంటే వైద్యం సరిగా చేయరేమోనన్న భయంతో చాలామంది తలూపుతారు. ముందుగా, విడిగా అడగాలి. కాదన్నా వైద్యంలో తేడా ఉండదని మాటల్లోనే చెప్పాలి. ఆత్మహత్య ఆలోచనల గురించి అడగడం మాత్రం ముందు రోల్‌ప్లేలో నేర్పాలి: ఒకరు రోగి, ఒకరు డాక్టరు, ఒకరు పరిశీలకులు, ఆపైన పాత్రలు మారాలి. బరువైన ఇంటర్వ్యూ ముగిశాక విద్యార్థుల మనసులో ఏముందో వినడానికి ఐదు నిమిషాలైనా ఉంచాలని రెసిడెంట్‌కి నేర్పండి. దీన్ని చాలామంది వదిలేస్తారు, వదలకూడదు.

నాయకత్వం ఉపన్యాసాలతో రాదు. మూడో ఏడాదికల్లా ఒక చిన్న పనిని మొదటి నుంచి చివరిదాకా అప్పగించాలి: కొత్త విద్యార్థుల ఓరియెంటేషనో, ఆరు నెలల జర్నల్ క్లబ్బో (పరిశోధన పత్రాలు చదివి చర్చించే సమావేశాలు). ఎవరికి ఏం అవసరమో అడిగి తెలుసుకోవడం, లక్ష్యాలు రాయడం, నడపడం, ఫలితం కొలవడం, అన్నీ తనవే. చీఫ్ రెసిడెంట్ పదవి డ్యూటీ రోస్టర్ వేయడంతోనే సరిపోతే అందులో నేర్చుకునేది పెద్దగా ఉండదు. పాఠ్యప్రణాళిక కమిటీలో చోటివ్వండి, ఓటుతో సహా. సమావేశం అయ్యాక ఆ నిర్ణయం ఎందుకలా జరిగిందో పావుగంట మాట్లాడండి. బడ్జెట్, అభిప్రాయభేదాలు, మొహమాటాలు రెసిడెంట్‌కి అర్థమయ్యేది అప్పుడే.

దీనికంతటికీ వారానికి ఒక పూట రోస్టర్‌లో రాసి ఉంచాలి. రాసి లేని సమయాన్ని ఎమర్జెన్సీ మింగేస్తుంది. మార్గదర్శిగా, ఆ రెసిడెంట్‌కి మార్కులు వేయని వ్యక్తిని పెట్టండి. లేకపోతే ఇబ్బందులు బయటకు చెప్పరు. విద్యార్థుల అభిప్రాయాలను నాలుగైదు బ్యాచ్‌లవి కలిపి ఇవ్వడం మంచిది. ముగ్గురే ఉన్న బ్యాచ్‌లో ఎవరేం రాశారో ఇట్టే తెలిసిపోతుంది, ఆ భయంతో అందరూ "చాలా బాగుంది" అనే రాస్తారు.