పిల్లలకు అమెరికా చరిత్ర పుస్తకం ఎంచుకోవడం: చివరి పేజీల నుంచి మొదలుపెట్టండి

పుస్తకం చేతికి రాగానే ముందు చివరి పేజీలు తెరవండి. రచయిత మాట, ఎవరి మాటలు ఎక్కడ దొరికాయో చెప్పే ఆధారాలు, చదివిన పుస్తకాల పట్టిక, బొమ్మలు ఎక్కడివో చెప్పే చిన్న అక్షరాలు అక్కడే ఉంటాయి. 32 పేజీల బొమ్మల పుస్తకంలో ఇవన్నీ పట్టవు. కానీ ఏది జరిగింది, ఏది ఊహించి రాశారు అని చెప్పే పేజీ ఒక్కటైనా ఉండాలి. వంద పేజీలు దాటిన పుస్తకంలో కూడా ఆధారాల ఊసే లేకపోతే దాన్ని కథల పుస్తకంగానే చదివించండి.

తర్వాత కాపీరైట్ పేజీ చూడండి. పాత పుస్తకాలు కొత్త అట్టతో వస్తూనే ఉంటాయి. పునర్ముద్రణ అని ఉంటే సాధారణంగా లోపలి మాట మారలేదని అర్థం. సవరించిన ముద్రణ అని ఉంటేనే ఎవరో కూర్చుని దిద్దినట్టు. 1960లో రాసిన పుస్తకాన్ని పారేయనక్కర్లేదు గానీ, ఆదివాసుల గురించి, బానిసత్వం గురించి ఆ తర్వాత జరిగిన పరిశోధన అందులో ఉండదని గుర్తుంచుకోవాలి.

ఇక లోపలికి వెళ్లి, పిల్లల పుస్తకాలు తరచూ తడబడే చోట్లు రెండు మూడు చూడండి. పది నిమిషాల పని. మొదటి అధ్యక్షుడు వాషింగ్టన్ జీవితచరిత్ర అయితే చెర్రీ చెట్టు కథ వెతకండి (చిన్నప్పుడు చెట్టును గొడ్డలితో కొట్టి, అబద్ధమాడలేక తండ్రి ముందు ఒప్పుకున్నాడన్నది). ఆయన 1799లో చనిపోయాడు. ఆయన జీవితచరిత్ర రాసిన పార్సన్ వీమ్స్ ఆ కథను తన పుస్తకంలో చేర్చింది 1806 ముద్రణలో. దాన్ని కల్పితమని చెప్పి వాడుకుంటే ఫర్వాలేదు, నిజమన్నట్టు రాస్తే పుస్తకం పక్కన పెట్టేయండి. బ్రిటిష్ సైన్యం వస్తోందని హెచ్చరించడానికి పాల్ రివియర్ 1775 ఏప్రిల్ 18 రాత్రి ఒక్కడే గుర్రమెక్కి కాంకర్డ్ దాకా వెళ్లాడని ఉంటే, అది చరిత్ర కంటే, కవి లాంగ్‌ఫెలో ఆ సవారీ మీద రాసిన పద్యానికి దగ్గర. విలియం డాస్ కూడా బయల్దేరాడు, రివియర్ దారిలో పట్టుబడ్డాడు, కాంకర్డ్ చేరింది శామ్యూల్ ప్రెస్కాట్.

అన్నిటికంటే బాగా పనికొచ్చే పరీక్ష, బస్సులో తెల్లవారికి సీటు ఇవ్వనని అరెస్టయిన నల్లజాతి మహిళ రోసా పార్క్స్ పేజీ. ‘కాళ్లు నొప్పి పుట్టి సీటు వదల్లేకపోయిన పెద్దావిడ’ అని చాలా పుస్తకాలు రాస్తాయి. 1955 డిసెంబర్ 1న ఆమె వయసు 42. అప్పటికే అలబామాలోని మాంట్‌గమరీలో నల్లజాతివారి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ శాఖకు కార్యదర్శిగా పనిచేసిన మనిషి. అదే ఏడాది మార్చిలో అదే ఊళ్లో 15 ఏళ్ల క్లాడెట్ కోల్విన్ కూడా సీటు ఇవ్వనంది, అరెస్టయింది. రోసా అరెస్టు తర్వాత అక్కడి నల్లజాతి జనం 381 రోజులు బస్సులెక్కలేదు. ఈ సంగతులు వదిలేస్తే, ఒకావిడ అలసటతో చట్టం మారిపోయిందని పిల్లలు అనుకుంటారు. అన్ని రోజులు జనాన్ని ఎలా కూడగట్టారు, పనులకు ఎలా వెళ్లొచ్చారు అన్నది చెప్పే పుస్తకం తీసుకోండి.

క్రియలు గమనించండి. చెరొకీలు అనే ఆదివాసీ జాతి సంగతే చూడండి. ‘1838లో చెరొకీలు పడమటికి వెళ్లారు’ అని ఒక పుస్తకం రాస్తుంది, ‘సైన్యం చెరొకీలను పడమటికి తరిమింది’ అని ఇంకొకటి రాస్తుంది. వెళ్లడం వేరు, వెళ్లగొట్టడం వేరు. వాక్యాన్ని మనసులో తెలుగులోకి తిప్పుకుంటే చేసిందెవరో దాచిపెట్టిన చోటు ఇట్టే దొరుకుతుంది. 2015లో టెక్సస్‌లో ఒక భూగోళ పాఠ్యపుస్తకం, బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్లను ‘పనివాళ్లు’ అని రాసి గొడవైంది, చివరికి ఆ మాట మార్చాల్సి వచ్చింది.

బొమ్మలకూ ఇదే జాగ్రత్త. డెలావేర్ నది దాటుతున్న వాషింగ్టన్ చిత్రం తెలియనివారుండరు. ఆ సంఘటన 1776 క్రిస్మస్ రాత్రిది, చిత్రకారుడు లూట్సె ఆ బొమ్మ వేసింది 1851లో. పడవలో కనిపించే నక్షత్రాల జెండాను ఆమోదించింది 1777 జూన్ 14న. బొమ్మ కింద చిత్రకారుడి పేరు, సంవత్సరం వేసిన పుస్తకం నిజాయితీ గలది. వేయకపోతే పిల్లలు దాన్ని ఫొటోలా నమ్ముతారు.

వయసు విషయంలో, చదవడానికి పుస్తకం ఎంత కష్టమో చెప్పే లెక్సైల్ అంకె మీద ఆధారపడకండి. అది వాక్యాల పొడవును, పదాల కష్టాన్ని కొలుస్తుందంతే, విషయం ఎంత బరువైందో చెప్పదు. అంకె ముందు ‘ఏడీ’ అని ఉంటే పెద్దవాళ్లు పక్కన కూర్చుని చదివించాల్సినదని అర్థం. ఏడేళ్ల లోపు పిల్లలకు ఒక మనిషి, ఒక సంఘటన చాలు. 1960లో న్యూఆర్లీన్స్‌లో అప్పటిదాకా తెల్లపిల్లలకే ఉన్న బడిలో అడుగుపెట్టేనాటికి నల్లజాతి పాప రూబీ బ్రిడ్జెస్‌కు ఆరేళ్లు, అందుకే ఆమె కథ ఆ వయసు వాళ్లకు సూటిగా తగులుతుంది. తొమ్మిది పది ఏళ్లకు ‘ఎందుకు’ అనే ప్రశ్న మొదలవుతుంది. పన్నెండు దాటాక అసలు పత్రాలే చేతికివ్వొచ్చు.

అమెరికన్ లైబ్రరీలో డ్యూయీ అంకె (విషయాన్ని బట్టి పుస్తకాలను అమర్చే సంఖ్య) 973 దగ్గర, అంటే అమెరికా చరిత్ర దగ్గర, వెతికి ఆగిపోకండి. విప్లవం 973.3లో, అంతర్యుద్ధం 973.7లో ఉంటాయి. జపనీస్ అమెరికన్లను 1942 నుంచి నిర్బంధించిన చరిత్ర మాత్రం రెండో ప్రపంచ యుద్ధంతో కలిసి 940.53లో కూర్చుంటుంది. చాలాచోట్ల జీవితచరిత్రలకు వేరే అల్మరా ఉంటుంది. చారిత్రక నవలలు కథల విభాగంలో రచయిత ఇంటిపేరు వరసలో దొరుకుతాయి.

ఒక సంఘటనకు ఒకే పుస్తకం తేకండి. ఒక నవల, ఒక వాస్తవ పుస్తకం జతగా తెచ్చి, రెండూ ఎక్కడ వేరుగా చెప్పాయో పిల్లలనే వెతకమనండి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో అదే సంఘటన ఫొటోనో, పాత పత్రికో దొరికితే పక్కన పెట్టండి.

చివరగా గోడకు ఒక కాగితం పట్టీ అంటించండి. ఏడాదికి ఒక సెంటీమీటరు లెక్కన 1600 నుంచి నేటిదాకా సుమారు నాలుగుంపావు మీటర్లు. చోటు లేక కొలత బాగా కుదిస్తే 1955, 1956 ఒకదానిమీద ఒకటి పడతాయి, కాబట్టి గోడ చాలకపోతే పట్టీనే మూల దగ్గర మడిచి పక్క గోడకు తిప్పండి. వర్జీనియాకు ఆఫ్రికన్లను తెచ్చిన 1619 నుంచి బానిసత్వాన్ని రద్దు చేసిన 1865 దాకా రంగు వేస్తే 246 సెంటీమీటర్లు వస్తుంది. ఆ తర్వాత మిగిలింది అంతకంటే తక్కువే, ఇది పిల్లలే చూసి చెబుతారు. (ఆదివాసుల పదివేల ఏళ్లకు ఇదే కొలతలో వంద మీటర్లు కావాలి, అది వీధిలోకి వెళ్లి నడిచి చూపించాల్సిందే.)

చదివిన ప్రతి పుస్తకం పేరు దాని కాలం దగ్గర రాయించండి. కొన్ని నెలలకు పట్టీ మీద 1877 నుంచి 1910 దాకా తరచుగా బోసిగా మిగిలిపోతుంది. చైనా కూలీల వలసను ఆపిన 1882 చైనీయుల నిషేధ చట్టం, సైన్యం ఆదివాసులను ఊచకోత కోసిన 1890 వూండెడ్ నీ, నల్లవారిని వేరుగా ఉంచడం చట్టబద్ధమేనన్న 1896 ప్లెసీ తీర్పు అన్నీ అక్కడివే. లైబ్రరీకి ఈసారి వెళ్లినప్పుడు ఆ ఖాళీకి సరిపడే పుస్తకం అడగండి.