బస్సులోనో మెట్రోలోనో కళ్ళు తిరిగితే: కడుపుతో ఉండి ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళకు సమస్య – పరిష్కారం

ఇంట్లో బాగానే ఉంటుంది. బస్సెక్కి పది నిమిషాలు నిలబడేసరికి చెవులు గుయ్‌మంటాయి, చెమటలు పడతాయి, కళ్ళ ముందు చీకట్లు కమ్ముతాయి. పక్కవాళ్ళు ‘బీపీ డౌన్ అయుంటుంది’ అంటారు, ఇంట్లో ‘సరిగ్గా తినట్లేదు’ అంటారు. రెండూ నిజం కావచ్చు, ఏదీ కాకపోవచ్చు. తిరిగినప్పుడు మీరు నిలబడి ఉన్నారా, అప్పుడే లేచారా, వెనక్కి వాలి ఉన్నారా, ఎంతసేపటి క్రితం తిన్నారు అన్నది గుర్తుపెట్టుకోండి. కారణం చాలావరకు అక్కడే దొరుకుతుంది.

ఇప్పుడే తిరుగుతున్నాయా? ముందు కూర్చోండి

స్టాప్ వచ్చేదాకా ఓర్చుకుందాం అనుకోవద్దు. స్పృహ తప్పడం కంటే నిలువునా పడిపోవడమే ఎక్కువ ప్రమాదం, పొట్టకు దెబ్బ తగిలేది అప్పుడే. సీటు లేకపోతే కిందే కూర్చోండి. చీర మాసిపోతుందని, నలుగురూ చూస్తారని మొహమాటపడే సమయం కాదు. కూర్చున్నాక వీలైతే తల కిందికి వంచండి, పొట్ట పెద్దదైతే ఎడమవైపుకు ఒరగండి. బొందు, బెల్టు బిగుతుగా ఉంటే వదులు చేసుకోండి.

సీటు అడగాల్సి వస్తే బోగీ మొత్తానికి చెప్పకుండా ఒక్కరినే చూసి అడగండి: “అక్కా, కడుపుతో ఉన్నాను, కళ్ళు తిరుగుతున్నాయి, కాస్త కూర్చోనిస్తారా?” అందరినీ ఉద్దేశించి అంటే ఎవరూ లేవరు, ఒకరిని అడిగితే ఆ ఒక్కరూ లేస్తారు. ఆటోలో అయితే “అన్నా, కొంచెం పక్కకు ఆపన్నా” అంటే చాలు, కారణం తర్వాత చెప్పొచ్చు.

పడిపోయిన మనిషిని చూసినవాళ్ళకు ఒక మాట: లేపి కూర్చోబెట్టకండి. ఎడమవైపుకు తిప్పి పడుకోబెట్టండి, గాలి తగలనివ్వండి. పూర్తిగా తెలివి వచ్చేవరకు నోట్లో నీళ్ళు పోయొద్దు. చేతిలో తాళంచెవులు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం వల్ల ఒరిగేదేమీ లేదు.

నిలబడి ఉన్నప్పుడు తిరుగుతున్నాయి

ప్రయాణంలో ఎక్కువమందికి ఎదురయ్యేది ఇదే. గర్భంలో పెరిగే ప్రొజెస్టిరాన్ హార్మోను రక్తనాళాలను సడలిస్తుంది. అందుకే మొదటి నెలల నుంచే బీపీ కొంత తగ్గుతూ వచ్చి, దాదాపు అయిదారు నెలలప్పుడు అన్నిటికంటే తక్కువకు చేరుతుంది, నెలలు నిండేకొద్దీ మళ్ళీ పెరుగుతుంది. ఇలాంటప్పుడు కదలకుండా నిలబడితే రక్తం కాళ్ళలోనే ఉండిపోతుంది, మెదడుకు అందేది తగ్గుతుంది. ఎండాకాలం ఉక్క తోడైతే చర్మంలోని నాళాలు కూడా విచ్చుకుని పరిస్థితి ఇంకా దిగజారుతుంది.

నడుస్తుంటే రాని తల తిరుగుడు నిలబడితే ఎందుకొస్తుందంటే, రక్తాన్ని పైకి తోసే పంపు మన పిక్కలు. అడుగు పడకపోతే ఆ పంపు ఆగినట్టే. కాబట్టి నిలబడక తప్పనప్పుడు మడమలు ఎత్తి దించుతూ ఉండండి. తిరగబోతోందని అనుమానం రాగానే, పట్టుకోవడానికి గట్టి ఆధారం ఉంటే, కాలు మీద కాలు మెలిక వేసి తొడలు బిగించండి, పిడికిలి గట్టిగా పట్టండి. కొన్ని క్షణాలు బీపీ పడిపోకుండా ఆపుతుంది. ఆ వ్యవధి సీటు అడగడానికి, కూర్చోవడానికి.

హైదరాబాద్‌లో ఎల్బీనగర్ వైపు నుంచి మెట్రోలో రాయదుర్గం వెళ్ళేవాళ్ళకు అసలు పరీక్ష అమీర్‌పేట్. రెండు లైన్ల జనం మారే చోటు అది. పొద్దున ఆ తోపులో మెట్లెక్కడం కన్నా లిఫ్ట్ కోసం ఆగడం నయం. తల తేలికగా ఉన్నప్పుడు ఎస్కలేటర్ అసలొద్దు. కిక్కిరిసిన రైలు వదిలేసి తర్వాతిది ఎక్కితే పోయేది కొద్ది నిమిషాలే. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి మహిళలకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ప్రయాణం ఉచితం. మంచిదే కానీ, ఆడవాళ్ళ సీట్లు ఖాళీగా దొరకడం మాత్రం కష్టమైంది. వీలుంటే ఆఫీసు వేళలు ఒక గంట అటూ ఇటూ మార్చమని ముందే అడగండి. చాలామంది ఏడో నెల దాకా ఆగుతారు. ఈ ఇబ్బంది అంతకంటే ముందే మొదలవుతుంది కాబట్టి అడిగేది కూడా ముందే అడగాలి.

సీట్లోంచి లేవగానే తిరుగుతున్నాయి

గంటసేపు కూర్చుని ఒక్కసారిగా లేస్తే బీపీ సర్దుకునేలోపే మీరు ఫుట్‌బోర్డు మీద ఉంటారు. స్టాప్ రాకముందే కూర్చునే పాదాలు ఆడించండి, లేచి సీటు కడ్డీ పట్టుకుని ఒక నిమిషం నిలబడండి, అందరూ దిగాక దిగండి. ఆలస్యమవుతుందని డ్రైవర్‌కు ముందే చెప్తే బండి కదలకుండా ఆపుతారు.

ఖాళీ కడుపు, నీళ్ళు తక్కువ

వేవిళ్ళ భయంతో పొద్దున ఏమీ తినకుండా, లేదా టీ, రెండు బిస్కెట్లతో బయల్దేరేవాళ్ళు ఎక్కువ. బిస్కెట్ల చక్కెర తొందరగా ఎక్కి తొందరగా దిగుతుంది. వణుకు, చెమట, ఆకలితో పాటు తల తిరిగితే ఇదే కారణం అనుకోవచ్చు. రెండు ఇడ్లీలు పల్లీ చట్నీతోనో, ఒక ఉడికించిన గుడ్డో తిని బయల్దేరండి. బ్యాగులో వేయించిన సెనగలు, అరటిపండు ఉంచుకోండి. షుగర్ ఉండి ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు అయితే గ్లూకోమీటర్ వెంట ఉండాలి. 70 కంటే తక్కువ చూపిస్తే మూడు చెంచాల చక్కెర లేదా గ్లూకోజ్ తీసుకుని పదిహేను నిమిషాలకు మళ్ళీ చూసుకోవాలి.

నీళ్ళ సంగతి వేరు. దారిలో బాత్రూమ్ దొరకదని నీళ్ళు మానేయడం మన ఆడవాళ్ళకు బాగా అలవాటు. ఒంట్లో నీరు తగ్గితే బీపీ ఇంకా పడుతుంది, పైగా మూత్రంలో ఇన్ఫెక్షన్. ఒకేసారి సీసా ఎత్తకుండా గుక్క గుక్కగా తాగండి, దారిలో ఎక్కడ వెళ్ళొచ్చో ముందే చూసి పెట్టుకోండి. మూత్రం ముదురు పసుపు రంగులో ఉంటే తాగింది చాల్లేదన్నమాట. ఎండలో ఉప్పేసిన పల్చటి మజ్జిగ మంచిది, అయితే హైబీపీ ఉన్నవాళ్ళు ఉప్పు గురించి డాక్టర్ను అడగాలి.

ఎప్పుడు చూసినా నీరసం, మెట్లెక్కితే ఆయాసం

ఇది ప్రయాణం తెచ్చిన సమస్య కాకపోవచ్చు, ప్రయాణంలో బయటపడిందంతే. గర్భంలో రక్తం పరిమాణం దాదాపు సగం వరకు పెరుగుతుంది, కానీ ఎర్రకణాలు ఆ స్థాయిలో పెరగవు. ముందే రక్తం తక్కువుంటే కళ్ళు తిరుగుతాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం మన దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువుంటే డాక్టర్‌తో మాట్లాడండి. అద్దంలో కింది కనురెప్ప లాగి చూస్తే లోపల తెల్లగా పాలిపోయి కనిపించడం ఒక గుర్తు, కానీ దాన్నే నమ్ముకోకుండా పరీక్ష చేయించండి.

నాలుగో నెల నుంచి ఇచ్చే ఐరన్ గోళీని చాలామంది వేసుకునే తీరే దాన్ని పనిచేయనివ్వదు. టీ, కాఫీలతో గానీ, కాల్షియం గోళీతో కలిపి గానీ వేసుకోవద్దు, కనీసం రెండు గంటల తేడా ఉండాలి. నిమ్మరసం తోడైతే ఐరన్ బాగా వంటపడుతుంది. మలం నల్లగా వస్తే భయం లేదు. వాంతో మలబద్ధకమో అవుతుంటే మానేయకుండా గోళీ మార్చమని అడగండి.

క్యాబ్‌లో వెనక్కి వాలితే తిరుగుతున్నాయి

అయిదో నెల దాటాక వెల్లకిలా పడుకుంటే బరువెక్కిన గర్భసంచి వెన్ను దగ్గరి పెద్ద సిరను నొక్కుతుంది, గుండెకు రక్తం తిరిగిరావడం తగ్గుతుంది. సీటు బాగా వాల్చి నిద్రపోయేవాళ్ళకు, స్లీపర్ బస్సులో ఊరెళ్ళేవాళ్ళకు ఇది తెలిసుండాలి. ఎడమవైపుకు తిరిగితే తగ్గిపోతుంది. చున్నీ మడిచి కుడి తుంటి కింద పెట్టుకున్నా చాలు. సీటుబెల్టు మాత్రం తీసేయొద్దు. కింది పట్టీ పొట్ట కింద తుంటి ఎముకల మీదుగా, పై పట్టీ రొమ్ముల మధ్యగా రావాలి.

వాసనలు, కుదుపులు

డీజిల్, అత్తరు, చెమట వాసనకు కడుపులో తిప్పి తల తిరిగితే, ముందు సీట్లో కిటికీ పక్కన కూర్చోండి, దూరంగా చూడండి, ఫోన్ లోపల పెట్టండి. వాంతుల మాత్ర మెడికల్ షాపులో సొంతంగా కొనొద్దు. చుట్టూ ఉన్నవన్నీ గిర్రున తిరుగుతూ, చెవిలో హోరు కూడా ఉంటే అది చెవికి సంబంధించింది కావచ్చు, డాక్టర్‌కు ఆ తేడా చెప్పండి.

స్కూటీ నడిపేవాళ్ళు ఒక్కసారి తిరిగినా, కారణం తేలేదాకా నడపడం ఆపాలి. ఇందులో సర్దుబాటు లేదు.

ఆగకుండా ఆసుపత్రికి

మొదటి నెలల్లో కళ్ళు తిరగడంతో పాటు ఒక పక్క కడుపునొప్పి, రక్తస్రావం, భుజం కొసన నొప్పి ఉంటే గర్భం గర్భసంచిలో కాకుండా దాని పక్కనుండే గొట్టంలో (ఫెలోపియన్ ట్యూబ్) నిలిచి ఉండొచ్చు. అయిదో నెల తర్వాత తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం చేతులు వాయడం, పక్కటెముకల కింద నొప్పి బీపీ పెరిగిన గుర్తులు, 140/90 దాటితే అదే రోజు చూపించాలి. ఛాతీనొప్పి, గుండెదడ, ఒక కాలే వాయడం, ఫిట్స్, బిడ్డ కదలికలు తగ్గడం, పడినప్పుడు పొట్టకు దెబ్బ తగలడం, ఇవేవీ రేపటికి వాయిదా వేసేవి కావు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఒక్కసారి స్పృహ తప్పి తేరుకున్నా, తర్వాతి చెకప్ దాకా ఆగకుండా ఆ రోజే డాక్టర్‌కు చెప్పండి. వెళ్ళినప్పుడు బీపీ కూర్చోబెట్టీ నిలబెట్టీ రెండుసార్లు చూడమని అడగండి. ఎప్పుడు, ఎక్కడ, ఏం తిన్నాక తిరిగాయో ఫోన్లో రాసుకుని చూపించండి, వాడుతున్న మందుల చీటీ కూడా తీసుకెళ్ళండి, కొన్ని బీపీ మందులకూ తల తిరుగుతుంది.