గిట్ బ్రాంచ్ నేర్పేటప్పుడు కోడ్ తెరవకండి

మధురవాడ, గాజువాక వైపు కాలేజీ పిల్లలకు గిట్ (ఫైళ్లలో చేసిన మార్పుల చరిత్రను దాచే టూల్) నేర్పేవాళ్లకు చిన్న చిట్కా. బ్రాంచ్ (అసలు ఫైళ్లను కదపకుండా విడిగా మార్పులు చేసుకునే దారి) దగ్గరకు రాగానే బోర్డు మీద బొమ్మలు గీయకండి. ఒక మామూలు టెక్స్ట్ ఫైల్ చాలు. ఆర్కే బీచ్, కైలాసగిరి, సింహాచలం అని మూడు లైన్లు రాయించి కమిట్ చేయించండి, అంటే ఆ మార్పును గిట్‌లో నమోదు చేయించండి.

ఇప్పుడు ‘గిట్ స్విచ్ -సి అరకు’ కొట్టించండి. అరకు అనే బ్రాంచ్ తయారై, అందులోకి వెళ్తారు. కొత్త బ్రాంచ్‌లో ‘బొర్రా గుహలు’ అని నాలుగో లైను చేర్చి, కమిట్ చేసి, తిరిగి మొదటి బ్రాంచ్ అయిన మెయిన్‌కు రమ్మనండి. ఎడిటర్లో ఆ లైను మాయం! “సార్, పోయింది” అంటారు. కాసేపు కంగారు పడనివ్వండి, పర్లేదు. మళ్లీ అరకుకు వెళ్తే కనబడుతుంది. ఎవరికైనా మెయిన్‌లోనూ ఆ లైను కనబడుతోందంటే కమిట్ మరిచిపోయారన్నమాట. కమిట్ కాని మార్పు మన వెంటే వచ్చేస్తుంది.

స్విచ్ కమాండ్ 2019లో 2.23 వెర్షన్‌తో వచ్చింది. ల్యాబ్‌లో అంతకన్నా పాతదుంటే ‘గిట్ చెకౌట్ -బి’ వాడండి.

మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ (రెండు బ్రాంచ్‌లను కలిపేటప్పుడు ఒకే లైను రెండుచోట్లా వేర్వేరుగా మారి వచ్చే చిక్కు) ఎప్పుడో తగిలేదాకా ఆగొద్దు, ఆరోజే కావాలని తెప్పించండి. కైలాసగిరి పక్కన మెయిన్‌లో ‘ఉదయం’, అరకులో ‘సాయంత్రం’ అని రాసి, రెండుచోట్లా కమిట్ చేయించి, మెయిన్‌లో నిలబడి ‘గిట్ మెర్జ్ అరకు’ కొట్టించండి. ఫైల్లో బాణాల్లాంటి గుర్తుల మధ్య రెండు లైన్లూ కనిపిస్తాయి. ఏది ఉంచాలో వాళ్లనే తేల్చుకోమని, గుర్తులు చెరిపించి, యాడ్, కమిట్ చేయించండి. ఇంకా భయపడేవాళ్లకు, ఆ చివరి కమిట్ చేయకముందే ‘గిట్ మెర్జ్ --అబార్ట్’ కొడితే మెర్జ్‌కు ముందున్న స్థితికి వెళ్లిపోవచ్చని చూపించండి.