హోమ్ కోసం చందాలు వసూలు చేసే ముందు

ఆటిజం, డౌన్ సిండ్రోమ్, సెరిబ్రల్ పాల్సీ లాంటి వైకల్యాలు ఉన్నవారు ఉండే సంరక్షణ హోమ్ కోసం నడకో, పాటల కార్యక్రమమో పెడుతున్నారా? తేదీ ప్రకటించేలోపే ఇవి చూసుకోండి.

డబ్బు పడే ఖాతా హోమ్ పేరు మీదే ఉండాలి. మీ సొంత ఖాతాలో పడితే, చిల్లిగవ్వ ముట్టకపోయినా అనుమానం మిగులుతుంది. ఆ మచ్చ హోమ్‌కూ అంటుతుంది.

“వ్యాన్ కోసం” అని తొందరపడి ప్రకటించకండి. అలా వచ్చిన సొమ్మును జీతాలకు వాడటం కుదరదు. ఇలాంటి హోమ్‌లలో పెద్ద ఖర్చేమో రాత్రీపగలూ కనిపెట్టుకుని ఉండే సిబ్బంది జీతాలే. డైపర్లు, మందులు, ఫిజియోథెరపీ కూడా నెలనెలా ఉండేవే. ఫొటోలో అందంగా కనిపించని ఖర్చులు కాబట్టి వీటి కోసం ఎవరూ చందా అడగరు. ఏం కావాలో ముందు నిర్వాహకులనే అడగండి.

ఫొటో తీసేముందు సంరక్షకుల సంతకం ఒక్కటే చాలదు. ఫొటోలో ఉండే మనిషికీ అర్థమయ్యేలా చెప్పి అడగండి. మాట రానివారు చెయ్యి అడ్డం పెట్టుకున్నారంటే వద్దనే అర్థం.

పోస్టర్ మీద “పాపం, పిల్లలు” అని రాయకండి. అక్కడ 40 ఏళ్లవారూ ఉంటారు.

స్పీకర్ల హోరు తగ్గించండి, పక్కన ఒక నిశ్శబ్దమైన గది ఉంచండి. ఆటిజం ఉన్న చాలామంది పెద్ద శబ్దాలను తట్టుకోలేరు. లేకపోతే వాళ్ల కోసం పెట్టిన కార్యక్రమంలో వాళ్లే చెవులు మూసుకుని కూర్చోవాల్సి వస్తుంది.

డబ్బాలో పడిన నగదును ఇద్దరు కలిసి అక్కడికక్కడే లెక్కపెట్టి సంతకాలు చేయండి. ఇంటికెళ్లాక లెక్కిస్తే తేడా వచ్చినప్పుడు టెన్షన్ మీకే.